ఇరవై నాలుగు జానలు

గడప నుంచి గేటు దాకా పద్దెనిమిదడుగులని
టేపు చుట్టుకుంట సత్తార్ మేస్త్రి అన్నడు.
జంగమ్మక్క ఒప్పుకోలే.
"ఇరవై నాలుగు జానలు" అన్నది.
ఆ దూరం రోజూ కొలిచేది ఆమెనే మరి.

మా ఊరి బోరు నీళ్ళు
పదేండ్లకు పండ్ల మీద పసుపు పూసి
ఇరవయ్యేండ్లకు మోకాళ్ళకు తాళం ఏసినయి.
అప్పటి సంది అక్కకు అరచేతులే పాదాలు.
రెండు చేతులు నేలకానిచ్చి
నడుమును ముందటికి జరుపుకుంటది,
మిషను సూది కింద గుడ్డ జరిగినట్టు
కొంచెం, ఇంకొంచెం.

వాకిలి ఇప్పటిదాంక మొరం.
ఎండకాలం గుచ్చుతది, వానకాలం అంటుతది.
పెండతో అలికితే మెత్తగనే ఉంటది గానీ
రోజు విడిచి రోజు అలికే మోకాళ్ళు ఎవరివి?
ఈయేడు పత్తికి జర ధర పలికింది.
ఏదన్న పరుస్తమనుకున్నం.

కొండమల్లేపల్లి షాపాయన చాయ్ తాగిపిచ్చి
నల్ల గ్రానైటు చూపెట్టిండు.
"రాత్రి లైటేస్తే కింద ఇంకో ఇల్లు కనపడతది" అన్నడు.
జిగ్‌జాగ్ ఇటుకలు చూపెట్టి
"లారీ ఎక్కినా కదలయి" అన్నడు.
అరచేతుల కింద ఎట్లుంటయి, అని అడిగిన.
ఆయన నా కాళ్ళ దిక్కు చూసిండు.

ఫోటోలు పంపితే అక్క ఫోన్ల నవ్వింది.
"జాకిట్టు గుడ్డకైతే ముక్క కోసిస్తరు కద,
బండకు ఇయ్యరా?"

బండి ముందల నాలుగు ముక్కలు పెట్టుకొని వచ్చిన.
పొద్దుగాలనే వాకిట్ల వరుసగ పరిపిచ్చింది.
నడిమిట్యాల్ల, కోళ్ళు సుత నీడకు పోయినంక,
బయటికొచ్చి ఒక్కోదాని మీద చెయ్యి పెట్టింది.

గ్రానైటు మీద పెట్టి గుంజుకున్నది: "పెనం."
చెంబుతో నీళ్ళు పోసి మళ్ళ పెట్టింది: "సబ్బు."
జిగ్‌జాగ్ సందుల ఏలు తిప్పింది:
"కుట్టూడిన అంచు. చీర చిక్కుతది, గోరు లేస్తది."
సిమెంటు పలక గురించి ఏమనలే,
చెయ్యి దులుపుకున్నది అంతే.

తాండూరు బండ కాడ ఆగింది.
నునుపు దిక్కు నచ్చలే.
ఏ గుడ్డనైనా తిరగేసి చూసే అలవాటుతో
దాన్ని తిరగేసింది.
గనిల చీలినప్పటి గరుకు అట్లనే ఉంది.
కండ్లు మూసుకొని నిమిరింది.
"ఖద్దరు" అన్నది.
"కాలదా?" అంటే,
"అన్నీ కాలుతయి. ఇది
చెయ్యి తీసుకునేంత టైమిస్తది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.
"ఉల్టా పరిస్తే ఊర్ల నా పేరు పోతదమ్మా!"
"నేను నడిచేది నీ పేరు మీదనా?"

ఆయన మాట్లాడలే. మూడొద్దులు
ఉలి పట్టి అంచులన్నీ కొట్టిండు,
సందులు నిండా సిమెంటు కూరిండు,
గడప కాడ మెట్టు తీసేసి
వాలు పెట్టిండు, అక్క చెప్పకముందే.

నీళ్ళు కొట్టుడు ఏడొద్దులు.
అన్నాళ్ళు అక్క గడప లోపట్నే.
కొలతల జాకిట్లు గేటు కాన్నుంచి
ఒకల చేతుల మీంచి ఒకల చేతులకొచ్చినయి.

ఎనిమిదో పొద్దు తెల్లారకముందు
కిటికీల నుంచి అక్క చూసింది:
సత్తార్ మేస్త్రి చెప్పులిడిసి
ఇటుఅటు చూసి
బండల మీద కూలబడ్డడు.
చేతులానిచ్చి జరిగిండు.
అరవై దాటిన మనిషి,
మూతి బిగబట్టుకొని.
ఐదో బండ కాడ ఆగిండు.
అరచెయ్యి చూసుకున్నడు.
సంచిల నుంచి ఆకురాయి తీసి
ఆ మూలను చాలాసేపు రుద్దిండు.

అక్క చూసినట్టు చెప్పలే.
మాపటికి ఆయన అంగీకి
ఊడిన గుండీ కుట్టిచ్చింది.

ఆ రాత్రి బండల్ల ఇంకా ఎండ మిగిలుంది.
అక్క గేటు దాకా పోయింది, వచ్చింది.
మళ్ళ పోయింది.
"ఇరవై మూడున్నరే ఉందిరా" అన్నది.
పొద్దున మేస్త్రి టేపు తెచ్చి కొలిస్తే
పద్దెనిమిదడుగులే.
మళ్ళ కొలిచిండు.
"మరి అర జాన ఏడవాయె?" అని
బండల మధ్యన నిలబడి
ఇద్దరూ కొట్లాడుకుంటున్నరు,
ఒకరు నిలబడి, ఒకరు కూచొని.