కడపటి రేకు

తూకానికి రెండుకిలోల నూటనలభై.
పర్లాకిమిడి కంచరివీధిలో
మా అయ్య కూర్మయ్య తక్కెడలో పడ్డప్పుడు
అది శాసనం కాదు, పాత రాగి.
మూడు రేకులు, చివర బెజ్జం, బెజ్జంలో కడియం,
కడియం మీద బొటనవేలంత ఎద్దు
మట్టి కరుచుకుని పడుకుంది.

తెచ్చినవాడు లక్కియా గొమాంగో.
సవర ముసలాయన. కొండవాలున పసుపు తవ్వుతుంటే
గునపం ఖంగుమందట.
"లంకెబిందె అనుకున్నాను బాబూ, కాదు"
అన్నాడు, అది తన తప్పయినట్టు.

కొలిమి రాజుకుంది. మూస ఎరుపెక్కింది.
ఎంత మేలిమో చూద్దామని
అయ్య చింతపండుతో ఒక మూల తోమాడు.
అక్షరాలు లేచాయి,
తొలివానకి పుట్టలోంచి ఉసుళ్లు లేచినట్టు.
అయ్య పటకారు కింద పెట్టేశాడు.

సాయంత్రం జగబంధు పాఢి మాస్టారు వచ్చారు,
కళ్లజోడు మీద భూతద్దం,
నోట్లో ఒడియా సాగదీసిన తెలుగు.
మొదటి రేకంతా రాజే.
మహేంద్రగిరి మీద గోకర్ణేశ్వరుడికి
గంగవంశపు తాత తల వంచడం,
వంచిన తల మీద కళింగం కిరీటమై కూచోవడం,
పొరుగురాజుల మణులు
ఈయన కాలిగోళ్లకు మెరుగు పెట్టడం.
రెండో రేకు సగందాకా అదే.
ఊపిరికోసం మాస్టారు రెండుసార్లు ఆగారు,
రాజుగారు ఆగలేదు.

"ఈళ్లేరా" అన్నారు మాస్టారు, గొంతు వణికి,
"ముఖలింగంలో రాతికి ముఖం ఇచ్చినోళ్లు,
సముద్రం ఒడ్డున సూర్యుడికి చక్రాలు బిగించినోళ్లు,
ఏళ్లని కూడా తమ పేరుమీదే లెక్కపెట్టుకున్నోళ్లు."

లక్కియా అడిగాడు:
"ఆళ్లు రాకముందు కొండమీద ఎవలున్నారో రాసుందా?"
మాస్టారు వెనక్కి వెతికారు. ఉంది.
శబర నాయకుణ్ణి చంపి,
అంతే. అర పంక్తి. పేరు లేదు.
చంపి అన్నది అసమాపక క్రియ.
వాక్యం అక్కడ ఆగదు,
దాటుకుని రాజ్యానికి వెళ్లిపోతుంది.
లక్కియా తల ఊపాడు,
ఎప్పుడో తెలిసిన చావుకబురు
ఇవాళ ఉత్తరంగా అందినట్టు.

మూడో రేకులో సంస్కృతం అలిసిపోయింది.
ఎవరో సోమయాజికి ఇచ్చిన నేలకి
ఎల్లలు చెప్పాల్సొచ్చేసరికి మన మాటలు దిగాయి:
తూర్పున పుట్ట, దక్షిణాన జంటరాళ్లు,
ఉత్తరాన గుంట, పడమట గెడ్డ.
గెడ్డ ఇప్పటికీ ఉంది.
ఈవల ఒడిశా, ఆవల ఆంధ్ర.
దాని నీళ్లు రెండు భాషల్లో శిస్తు కడతాయి.

సూర్యచంద్రులున్నంతకాలం ఈ దానం చెల్లుతుందట.
ఈ నేల లాక్కున్నవాడు
అరవైవేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడట.
అప్పుడు నవ్వాడు లక్కియా, పళ్లులేని నవ్వు.
పదకొండేళ్లుగా పట్టాకోసం తిరుగుతున్నాడు.
"మరి, మొదట లాక్కున్నోడికి ఎన్నేళ్లు?"
మాస్టారు భూతద్దం తుడుచుకున్నారు, చాలాసేపు.

చిట్టచివర, రేకు చాలక
అంచుకి ఒరిగిపోయిన చిన్న అక్షరాలు:
చెక్కినవాడు అక్షశాలి మాచెన కొడుకు నాగెన.
అయ్యకి చదువు రాదు.
ఆ పంక్తిమీద వేలు పెట్టి నడిపించాడు.
"ఇక్కడ ఉలి జారింది. మళ్లీ కొట్టి సరిచేసుకున్నాడు.
ఎడంచేతివాటం."
మా అయ్యదీ ఎడంచెయ్యే.

"మీ రాజు పేరేటి?" అని లక్కియాని అడిగాను నేను.
"పేర్లు రాసుకోం బాబూ.
పోయినోళ్లని గోడమీద గీస్తాం, వరిపిండితో.
పొగకి మాసిపోతారు.
జొరమొచ్చో, కలలోకొచ్చో అడుగుతారు.
మళ్లీ గీస్తాం."

మూడోనాడు భువనేశ్వరం నుంచి జీపు వచ్చింది.
రేకులు దూదిలో చుట్టి తీసుకెళ్లారు,
ఎద్దుని విడిగా, చంటిపిల్లలా.
రసీదు ఇచ్చారు. అర పంక్తి:
పొలంలో దొరికినవి, మూడు.
ఎవరికి దొరికాయో లేదు.

అయ్య దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.
రాగి లేకపోయినా, రాగి ధర లెక్కకట్టి
లక్కియా పైపంచె కొంగున ముడేశాడు.
పెళ్లిగిన్నెలమీద పేర్లు కొట్టే సన్న ఉలి తీశాడు.
కొత్త చెంబొకటి బోర్లించాడు.

"గొమాంగోలో
దీర్ఘాలెన్నిరా?" అని అడిగాడు.