బేసిన్ బ్రిడ్జి దగ్గర

వేపేరి బళ్ళో మా ఐరిస్ మిస్
నా సింఫనీ మొదటి భాగాన్ని
ఎర్ర పెన్సిల్‌తో ఒకచోట ఆపేసింది:
"అప్పుడే ఇంటికొచ్చేశావేం?"

బాణీలు రెండూ బాగానే ఉన్నాయట.
ఒకటి జి లో, ఒకటి డి లో.
నడుమ వాటిని చింపి, తిరగేసి, ఆరేసిన తీరూ
పర్లేదట.
కానీ తిరిగి రాబోయే ముందు
అడుగున ఒక్క స్వరం పట్టుకుని
వినేవాడి ప్రాణం కాస్త నిలబెట్టాలి.
ఎంతసేపు మిస్?
"చాలనిపించాక, ఇంకొంచెం."

మర్నాడు గుమ్మిడిపూండి లోకల్
ఎప్పట్లాగే బేసిన్ బ్రిడ్జి దగ్గర ఆగిపోయింది.
సెంట్రల్ కూతవేటు దూరం. సిగ్నల్ ఎరుపు.
నెత్తికెత్తుకున్న పూలగంప
అంకమ్మ దించలేదు.
చెప్పులేసుకుని, సంచి తగిలించుకుని, తలుపు దగ్గర ఒకాయన.
కూర్చున్నవాళ్ళు లేరు, దిగినవాళ్ళూ లేరు.
పెట్టె అడుగున మోటారేదో
ఒకటే శ్రుతిలో మూలుగుతోంది.

పుస్తకం తీసి
డబుల్ బేస్‌ల వరసలో డి పెట్టాను.
పక్క గడిలో మళ్ళీ డి.
పద్నాలుగు గడులు నిండాయి,
ఇంకా పచ్చ పడలేదు.

పదిహేనోది పెడుతుంటే
గంప కిందనుంచి తొంగిచూసి అంకమ్మ,
"ఏంది పాపా,
అన్నీ సున్నాలే?"