నలభై తొమ్మిది నిండి

సోహార్‌లో ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు.
మూడో నంబరు పంపు ఉన్నట్టుండి ఆగిపోతుంది.
కోడ్ వాళ్లది, డీబగ్గర్ మాది.
అందుకని మస్కట్ నుంచి రెండున్నర గంటలు కారులో
అగ్గిపెట్టెంత ప్రోబు, చిక్కుపడ్డ వైర్లు,
ఒక లాప్‌టాప్, నేను.

ఫోన్లో అయితే నాకో వరస పాఠం ఉంది:
ఏ వెర్షన్? కేబుల్ తీసి మళ్లీ పెట్టారా?
లాగ్ పంపండి.
లాగ్ అంటే ఏముంది,
దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్క.
పదహారు పేజీలు మొరిగింది,
దొంగ పొడుగో పొట్టో చెప్పలేదు.

ఇంజినీరు ఖమీస్ మర్యాదస్తుడు.
ఖర్జూరాలు, కహ్వా ముందు పెట్టి మరీ తిట్టాడు:
"మీ పరికరం తగిలిస్తే పంపు ఆగదు, తీసేస్తే ఆగుతుంది.
ఎప్పటికీ అలాగే తగిలించి ఉంచాలా?"
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

బ్రేక్‌పాయింటు పెట్టాను.
నడిచేదాని భుజమ్మీద చెయ్యేసి
ఆగు, జేబులో ఏముందో చూపించు అనడమే అది.
చూపించింది. అన్నీ సవ్యం.
మర్నాడూ సవ్యమే.
ఏసీ గదిలో వేళ్లు కొంకర్లు పోతున్నాయి,
తలుపు తీస్తే జూలై మొహమ్మీద ఆవిరిగుడ్డ కప్పుతోంది.
చూస్తే దాక్కునే తప్పును పట్టే ఉపాయం
మాన్యువల్లో లేదు.
ఆ మాన్యువల్ సగం నేనే రాశాను.

షిఫ్టు మారింది. పోశెట్టి వచ్చాడు,
ఆర్మూరు దిక్కు మనిషి,
చెవి వెనక పెన్సిలు.
తలుపు దగ్గరే నిలబడి అన్నాడు:
"గది నలభై తొమ్మిది దినాలు నిండినంక ఆగుతది మేడం.
రీసెట్ కొడ్త, నడుస్తది."
ఎలా తెలుసు?
పాత క్యాలెండరు వెనక్కి తిప్పాడు.
ఐదేసి కట్టలుగా గీతలు,
మధ్య మధ్య ఏడు సున్నాలు.
ఎవరికైనా చెప్పావా?
"ఎవలడిగిండ్రు?"

ముప్పై రెండు బిట్ల గడిలో మిల్లీసెకన్లు పోస్తూ పోతే
నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లరకి నిండుతుంది.
నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలు.
నిండితే పొంగదు. సున్నా అవుతుంది.
పంపు తన గడియారం చూసుకుని
నేనింకా పుట్టలేదనుకుని నిలబడిపోతుంది.
నేను ప్రోబు తగిలించిన ప్రతిసారీ
బోర్డు రీసెటై లెక్క మొదటికొచ్చేది.
దొంగను పట్టడానికొచ్చి
వాడి అడుగులు నేనే ఊడ్చేశాను.

గడి నిండడానికి పది సెకన్లుందనగా ఉండే అంకె
చేత్తో దిద్ది వదిలాను.
పంపు ఆగింది.
ఖమీస్ అల్‌హమ్దులిల్లా అన్నాడు.
చెడిపోయినందుకు అంత సంతోషించిన మనిషిని
నేను చూడలేదు.

మందు ఒక్క లైను.
ఇప్పుడెంత అని చూడకు,
అప్పట్నుంచి ఎంత అని తీసివెయ్యి.
తీసివేత సున్నా దాటినా తప్పదు.

పోశెట్టికి కాగితమ్మీద గడియారం గీసి చెప్పాను.
చాలాసేపు చూశాడు.
"నిండినంక సున్న అయితదా?"
అవును.
"నాది గట్లనే అయింది.
పదకొండేండ్లు చేసిన. కంపెనీ పేరు మారింది.
కొత్త కాయితం మీద దస్కత్ పెట్టుమన్నరు.
సర్వీసు మొదటి దినం అని రాసుండె."
గేటదే. పంపదే.

దానికి నా దగ్గర ప్యాచ్ లేదు.
మొదట చేరిన నాటి కాయితం ఉందా అన్నాను.
"ఉంది. పెట్టె అడుగున."
పారెయ్యకు, అన్నాను.
అప్పట్నుంచి ఎంతో అడిగించు.

టికెట్ మూసేటప్పుడు ఫారం అడుగుతుంది:
ఏ టూలుతో కనుక్కున్నారు?
జాబితాలో మా సరుకులే తొమ్మిది,
పెన్సిలు లేదు.
'ఇతరములు' నొక్కి
పోశెట్టి, రాత్రి షిఫ్టు, క్యాలెండరు అని కొట్టాను.
పదిహేను అక్షరాలు మించరాదని ఎర్రగా వచ్చింది.

క్యాలెండరు తీసేశాను.
రాత్రి తీసేశాను, షిఫ్టు తీసేశాను.
పేరు ఉంచాను.