తప్పిన పోగు

లిప్సా అమ్మాయి బొమ్మలకి
గుడ్డ బిగించేది నేనే.
చట్రానికి నాలుగు మూలలా లాగి, మేకులు కొట్టి,
సుద్దపూత పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది ఇస్తాను.
ఎంత బిగువు కావాలో
నా వేళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.
ముప్పై ఏళ్ళు పడుగు బిగించిన వేళ్ళు.

బరంపురంలో, మా సాహిలో
మగ్గం గుంటలు పూడ్చి నాపరాళ్ళు పరిచేశారు.
మా గుంట మీద ఫ్రిజ్జు నిలబడింది.
రాత్రిళ్ళు అది ఒణికినప్పుడల్లా
నా కుడికాలు తొక్కుడు చెక్క కోసం తడుముకుంటుంది.

అమ్మాయి మనుషుల్ని వెయ్యదు.
చీరలే.
దండెం మీద ఆరేది, కుర్చీలో పడేసింది,
బస్సు కిటికీలోంచి సగం బయటకొచ్చి ఎగిరేది.
కట్టుకున్న మనిషి ఉండాల్సిన చోట
ఊరికే గోడరంగు.
"మనిషేదమ్మా?" అంటే
"ఉంది మామూ, సరిగ్గా చూడు" అంటుంది
సగం ఒడియాలో, సగం మన మాటలో.

మొన్న కొత్త బొమ్మ గోడకి ఆనించి
టీ తేవడానికి వెళ్ళింది.
నా ఎత్తుంది.
వంగపండు రంగు పట్టు, పచ్చంచు,
అంచులోంచి చీర ఒంట్లోకి పళ్ళలా దిగిన కుంభాలు.
నచ్చలేదు మొదట. పట్టుకి బరువుంటుంది, రంగుకేముంటుంది?
అలవాటు కొద్దీ కుంభాలు లెక్కపెట్టాను,
కింది నుంచి పైకి.

పదకొండో దాని దగ్గర వేలు ఆగింది.
కొనకి ఎడంపక్క
వెంట్రుకవాసి,
పచ్చ ఉండాల్సిన చోట వంగ.

అది నా తప్పు.
తుఫాను వచ్చిన ఏడాది
అంచు నాడె అందుకునే వేళకి
ఎదురింటి జోగమ్మ ఎందుకో పగలబడి నవ్వింది.
ఏటా అని తల తిప్పాను. అంతే.
చూసుకునేసరికి జానెడు నేత ముందుకెళ్ళిపోయింది.
విప్పితే రోజు కూలి పోయె.
షావుకారు భూతద్దం పెట్టి చూసినా పట్టుకోలేదు.
పట్టుకోలేదు గనకే
మూడు రాత్రులు నాకు నిద్ర లేదు.

టీ వచ్చింది.
"మా ఆయీ చీర ఇది" అంది అమ్మాయి.
"ఏంటో తెలీదు మామూ, ఇక్కడ చిన్న మెలికుంది.
దానికే రెండ్రోజులు పట్టింది.
అది తీసేస్తే చీర చచ్చిపోతోంది."

గ్లాసు కాలుతోంది. చెయ్యి మార్చుకున్నాను.
చెబుదామని నోరు తెరిచి
మళ్ళీ బొమ్మకేసి చూశాను.
గోడరంగులో, చీర పక్కన, ఎవరో
నవ్వు వినబడ్డ దిక్కుకి
తల తిప్పుకుని కూర్చున్నట్టుంది.

"కనబడిందా?" అంది.
"కింది మూల మేకు వదిలింది" అన్నాను.
సుత్తి కోసం లేచాను.