మూడు వేళ్లు

ఫహాహీల్ మాల్‌ల రబ్బరు డైనోసార్‌ను
రాత్రి పన్నెండు దాటినంక తుడుస్తం, నేనూ ఓదెలన్నా.
నాకు పండ్లు, ఆయనకు తోక.
మోటరు బందువెడితే అదీ మా లెక్కనే
నోరు సగం తెరిచి నిలవడి నిద్రపోతది.

"ఇది నిజంగ ఇప్పుడుంటే బతుకునా?" అన్నడు.
ఎండ దానికి లెక్క కాదేమో అన్న,
ఇంతకన్న ఉడుకు లోకాన్ని చూసిందట.
మరి తిండి? ఈ ఇసుకల ఏం మేస్తది?
అకామా ఎవరు కొట్టిస్తరు?
ఓదెలన్న నవ్వి
తుడిచిన తోకనే మళ్లా తుడిచిండు.

శుక్రవారం వంట నా వంతు.
కోడికాళ్లు ఎవరూ కొనరని
బంగ్లా దుకాణపాయన ఊకెనే ఇస్తడు.
నల్లా కింద కడుగుతుంటే పొలుసులు తగిలినయ్.
మూడు వేళ్లు ముందుకు, ఒకటి ఎన్కకు.
వారం నుంచి బ్రష్షువెట్టి రుద్దుతున్న పాదమే
చిన్నగ చేసి నా చేతుల పెట్టినట్టు.
కొంచెంసేపు చేతులాడలే.
ఆకలైంది, ఆడినయ్.

తెల్లారి క్యాంపు గోడ మీద
ఏసీ నీళ్లు బొట్టుబొట్టు కారేకాడ ఒక గోరింక.
మన దిక్కుదే, ఎవరో పంజరంల తెస్తే
తప్పించుకొని ఈడనే సంసారం పెట్టింది.
నీళ్లు తాగి, తల వంచి, ఒక కంటితోని చూసింది.
ఆరున్నర కోట్ల ఏండ్ల కింద
మొగులు మండి మీద పడ్డనాడు
గా కన్ను ఎక్కడ దాసుకున్నదో.

"ఓదెలన్నా, బతుకుతదే!"
"ఏందిరా?" అన్నడు నిద్రమబ్బుల.
చూపించేలోపల ఎగిరింది.
సిమెంటు మీద తడి అడుగులు నాలుగు,
ఆయన చెప్పులేసుకొని వచ్చేసరికి రెండు.