డబ్బాలో ఎండ

యాభై ఎనిమిది వేలకి కొన్నాను ఓమ్ని వ్యాను,
నీళ్ల టిన్నులు వేసుకుందామని.
కాగితాల్లో రంగు ఎరుపు అని రాసుంది.
బండి మీద మాత్రం
టాపు సున్నం కొట్టిన గోడ,
బానెట్టు బీట్‌రూట్ కడిగిన నీళ్లు,
ఎడమ తలుపొక్కటి నిన్న పెట్టిన పారాణి.
ఎక్కడో గుద్దించి మార్పించినట్టుంది.

పదమూడేళ్లు తుమ్మలపెంటలో
సముద్రానికి వీపు పెట్టి నిలబడిందట.
ఉప్పుగాలి ఊరికే పోతుందా,
నాకి పోతుంది.

కావలి దాటి ముసునూరు దగ్గర, ట్రంకురోడ్డు పక్కన
కాలేషా షెడ్డు. రేకుల కింద ఉక్క, థిన్నరు వాసన.
"మొత్తం కొత్తగా కొట్టెయ్ భాయ్, ఎంతవద్ది?" అన్నాను.
జవాబు లేదు.
మగ్గుతో నీళ్లు ముంచి బానెట్టు మీద గుమ్మరించాడు.

ఒక్క నిమిషం
నా బండి షోరూము మెట్లు దిగుతున్నంత ఎర్రన!
నీళ్లు జారిపోయాయి,
మిగిలిన తడి ఎండ తాగేసింది,
మళ్లీ అదే బూడిద.

"చూశ్నావా అబ్బయా, రంగు యాడికీ పోలా.
చచ్చిన పొర కప్పుకోని పడుకోనుండాది.
లేపితే లేస్తాది."
ఇంకో మగ్గు టాపు మీద పోశాడు.
తడిసింది, అంతే.
"ఇది లేవదు" అన్నాడు, ఇంకేం అనలేదు.

పెంచల్ అని పదిహేడేళ్ల పిల్లోడు
సబ్బునీళ్లలో రెండువేల నంబరు పేపరు ముంచి
రుద్దడం మొదలుపెట్టాడు.
తెల్లగుడ్డకి ఎరుపు దిగుతా ఉంటే నాకు గుబులు,
ఉన్న కాస్తా తుడిచేస్తున్నాడేమోనని.
"ఆ మాత్రం ఇయ్యకుంటే మెరుపు యెట్ట వస్తాదన్నా?"
అంచుల దగ్గర మిషను ఆపేసి
వేలికి గుడ్డ చుట్టుకున్నాడు.
అక్కడ రంగు పలచనంట, తొందరపడితే ఇనుము కనపడద్దంట.

టాపుకీ ఆ పారాణి తలుపుకీ రంగు కలపాలి.
కంపెనీ డబ్బా మూత తీసి
కాలేషా అట్టముక్క మీద ఓ గీత గీశాడు,
బండికి ఆనించి చూశాడు, పెదవి విరిచాడు.
"ఇది బండి పుట్టిన్నాటి ఎరుపు.
మనకి కావాల్సింది ఈ పొద్దుటిది."
చుక్క తెలుపు. అర చుక్క పసుపు.
సూదిమొనంత నలుపు.
పదమూడు వేసవులు ఒక్కొక్కటే
పుల్లతో తిప్పి తిప్పి డబ్బాలోకి కలిపాడు.
తొమ్మిదో అట్టముక్క
బండి మీద పెడితే
అట్ట ఎక్కడుందో నేను వెతుక్కున్నాను.

వెనక డోరు మీద స్టిక్కరు ఒకటి,
కాకి పొడిచినట్టు చిరిగిపోయి.
వేణ్ణీళ్లు పోసి గోటితో లాగాడు పెంచల్.
కాగితం వచ్చింది, అక్షరాలు రాలేదు:
కావేరి.
రుద్దాడు. ఇంకా రుద్దాడు. చెయ్యి మారింది,
మిషను కూడా వచ్చింది.
"మచ్చ పోవడంలేదు భాయ్!"
కాలేషా కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు.
"మచ్చ యాడిదిరా? ఆ మూడక్షరాలే సిసలైన రంగు.
వెలిసింది మిగతా బండంతా."

కూతురో, పడవో, మొక్కుకున్న దేవతో,
అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు.
"దాని మీద కూడా కొట్టెయ్యమంటావా?"
డబ్బులకి చూసుకున్నానో, ఇంకెందుకో గానీ
"ఆ డోరు వదిలెయ్" అన్నాను.

ఆరువేల అయిదొందలు. బేరమాడితే మూడొందలు తగ్గాడు.
"గ్యారంటీ?"
"ఎండనడుగు. నీడన పెట్టుకో పో."

మా సందులో నీడ పన్నెండింటికే అయిపోతుంది.
బట్టల షాపోళ్లు తీసేసిన ఫ్లెక్సీ ఒకటి తెచ్చి
కప్పుతున్నాను.
దాని మీద పట్టుచీర కట్టిన అమ్మాయి
మొన్నటిదాకా ఆకుపచ్చ.
ఇప్పుడు చీర ఏ రంగో
చెప్పలేకుండా ఉంది.
టిన్నులు దించేటప్పుడు నీళ్లు చిందితే
వెనక డోరు మీద కావేరి మునిగిపోతుంది.
ఆరగానే
మళ్లీ తేలుతుంది.