చూడని నాలుగు గంటలు

తార్తూ, జనవరి.
నేలకింద రెండంతస్తులు దిగితే ఆ యంత్రం ఉంటుంది.
నా ఉద్యోగం దాన్ని కాపాడటం,
అంటే తలుపు ముందు కుర్చీలో కూర్చోవడం.
అంతకుముందు ఇరవయ్యారేళ్లు చెక్క నేలలు పరిచాను,
మోకాళ్లు ఇక చాలన్నాయి.

ఓ రాత్రి విర్వె కాఫీ చేతిలో పెట్టి
"తార్మో, ఇలా రా, చూడు" అంది.
తెర మీద బూడిదరంగు నీళ్లు,
అందులో గసగసాలు పోసినట్టు నల్లటి పలుకులు.
"తుప్పు" అంది. "ఇనుప తుప్పే.
ఒక్కోటీ వెంట్రుకలో ఇరవై వేలో వంతు."

బడిలో నాకు చెప్పింది వేరు:
స్ఫటికమంటే అణువు పక్కన అణువు,
మేస్త్రీ ఇటుక పేర్చినట్టు.
ఇక్కడ ఇటుకల్లేవు.
కట్టిన గదులకు గదులే ఈదుకుంటూ వస్తున్నాయి,
ఇల్లెక్కడని వెతుక్కుంటూ.

ఒకటి ఇంకోదాని దగ్గరికొచ్చి
ఆగింది.
కాస్త పక్కకి తిరిగింది. మళ్లీ వెనక్కి. మళ్లీ కాస్త.
మధ్యలో ఉన్నది రెండు మూడు వరసల నీళ్లే,
ఆ నీళ్ల పేరు నాకు తెలుసు: మొహమాటం.
ఎంతసేపో! నా కాఫీ మీద తెట్టు కట్టింది.
దీని పడుగు దాని పడుగుకి ఎదురుపడేదాకా
దీని పేక దాని పేకని అందుకునేదాకా
తిరిగి తిరిగి, తటాలున
దూకింది. ఇంకో మాట నాకు దొరకలేదు.
రెండూ ఒకటే ఇప్పుడు,
అతుకు ఎక్కడో గోరుపెట్టి వెతికినా దొరకదు,
నా వృత్తిలో ఎవడూ అలా అతికించలేడు.

అలా ఐదు రాత్రులు.
ఆరో రాత్రి ఆ బొమ్మలన్నీ పక్కకి నెట్టేసింది విర్వె.
"ఇదంతా మనం చూడబట్టే జరుగుతోందేమో.
మన చూపు వెన్నెల కాదు కదా, ఎలక్ట్రాన్ల వడగళ్లు.
వడగళ్లు పడుతుంటే
ఎవరైనా ఒకే చూరు కిందికి చేరతారు."

పదింటికి కిరణం ఆపేసింది.
రెండింటిదాకా చూడకూడదు.

నల్లటి తెర ముందు ఇద్దరం.
రై రొట్టె, ఉప్పుచేప.
పైన చివరి బస్సు వెళ్తే బల్లమీద గ్లాసు వణికింది,
విర్వె అరచేత్తో దాన్ని పట్టుకుంది,
యంత్రం తాలూకు వణుకు కూడా అందులోనే ఉన్నట్టు.
ఊరుకోలేక నార్వా బడి సంగతి చెప్పాను.
డాన్సు హాలు. మొదటి పలక వెంట్రుకంత పక్కకి పెట్టాను,
అవతలి గోడ చేరేసరికి బొటనవేలంత సందు.
పిల్లల పెన్సిళ్లన్నీ అందులో పడేవి.
హెడ్మాస్టరు ఏమీ అనలేదు, అదే బాధ.
విర్వె నవ్వలేదు.
"ఎన్ని పెన్సిళ్లు?" అని మాత్రం అడిగింది.

రెండయింది.
ఒకే ఒక్క చూపు, రెప్పపాటంత.
గసగసాలు లేవు.
కడ్డీలు, కొమ్మలు, కొమ్మలకి చిగుళ్లలా మొనలు.
మనం లేనప్పుడు కూడా
వాటి ఓపిక వాటికుంది.
విర్వె మూడుసార్లు లెక్కపెట్టింది,
పెదవులు కదుపుతూ, చిన్నపిల్లలా.

ఒకచోట నా కన్ను ఆగింది. ఓ గీత.
"అక్కడ తప్పుంది" అన్నాను.
"అవును, రెండు డిగ్రీలు. పూర్తిగా తిరగకుండానే అంటుకుంది."
"ఊడదీస్తావా?"
ఇప్పుడు నవ్వింది.
"వంకర పోయిన చోట వరస కాస్త పైకి లేచి
మెట్టులా నిలుస్తుంది ఒక్కోసారి.
రాబోయేవాటికి కాలు మోపే చోటు అదే."

ఒక్కోసారి, అంది.
ఆ మాట నేను వదలకుండా జేబులో వేసుకున్నాను.

ఐదింటికి బయటికొచ్చాను.
ఎమాయొగి నది మీద పలుచటి మంచు పలకలు.
ఒకటి ఇంకోదాని అంచున మెల్లగా తిరుగుతోంది,
రాసుకుంటోంది, జరుగుతోంది.
వంతెన మీద కాసేపు నిలబడ్డాను.
తర్వాత అటు తిరిగి నడిచాను,
నేను చూస్తుంటే వాటికి ఇబ్బందేమోనని.